డ్రైవరు సీటు నా దగ్గరే ఉంది

షెడ్డు
ఫిబ్రవరి 9

అక్కకు,

ఇక్కడ అందరం తింటున్నాం, తిరుగుతున్నాం. నీ మరదలు మాత్రం నాలుగు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. అందుకు కారణం ఇప్పుడు షెడ్డులో ఇటుక దిమ్మెల మీద కూర్చుని ఉంది.

డాక్టరుగారి కారు నీకు గుర్తుండాలి. రెండే సీట్లు, పైన గుడ్డ టాపు, అది వెనక్కి మడిస్తే ఆకాశం. ఆయన పోయాక పదకొండేళ్ళుగా గరాజులోనే పడి ఉంది. పోయిన నెల ఆయన భార్య డాక్టరమ్మ కబురు చేసింది. నాకు గరాజు ఖాళీ కావాలి, దీన్ని విప్పి మళ్ళీ బిగించగలిగినవాడివి నువ్వొక్కడివే, పట్టుకుపో అంది. ట్రాక్టరుకు తాడు కట్టి లాక్కొచ్చాను. ఇంజను తిరుగుతోంది. కిటికీల పిడులు, తాళాలు ఇంకేవీ తిరగవు.

ఉన్నది ఉన్నట్టు బాగుచేసి ఊరుకునే ఉద్దేశం నాకు లేదు. ముందు చక్రాలకు డ్రమ్ము బ్రేకులు తీసేసి డిస్కు బ్రేకులు పెడతాను. నాలుగు గేర్ల పెట్టె పోయి అయిదు గేర్లది వస్తుంది. ఇంజనుకూ కొత్త పెట్టెకూ బోల్టు రంధ్రాలు కలవవు. మధ్యలో పెట్టే ప్లేటు నేనే లేతు మీద తిప్పి చేస్తాను.

నీతో పనేమిటంటే టాపు కుట్టాలి, రెండు సీట్లకూ కొత్త తొడుగులు కుట్టాలి. పాత టాపులో ఎలుకలు కాపురం చేశాయి, చూసి కుట్టడానికి గుడ్డ మిగల్లేదు. టాపును మోసే ఇనప కమాన్లు మూడున్నాయి. ముందుది 113 సెంటీమీటర్లు, నడిమిది 121, వెనకది 126. ముందు అద్దం నుంచి వెనక అంచు దాకా పొడవు 143. వర్క్‌షాపులో నన్ను మిల్లీమీటరు అని పిలుస్తారని నీకు తెలుసు కాబట్టి మళ్ళీ మళ్ళీ అడగకు.

అక్టోబరుకు టాపు మడిచేసుకుని వచ్చి మీ కొట్టు ముందు ఆపుతాను. నిన్ను ఎక్కించుకుని కొండ దారిలో పైదాకా వెళతాను. నీకు కడుపునొప్పి వచ్చిన రోజు డాక్టరుగారు నిన్ను ఈ కారులోనే ఆసుపత్రికి తీసుకెళ్ళారు. సీట్లు రెండే కాబట్టి నేను వెనక సైకిలు తొక్కుకుంటూ వచ్చాను. పద్నాలుగేళ్ళవాణ్ణి, ఆరు మైళ్ళు. ఈసారి నడిపేది నేను.

తమ్ముడు


కుట్టుకొట్టు
ఫిబ్రవరి 21

తమ్ముడికి,

మరదలు నాలుగు రోజులే మాట్లాడటం మానేసిందంటే ఆవిడ చాలా మంచిది. నీ షెడ్డులో ఇప్పటికే సగం మోటారు సైకిలూ పావు వంతు పడవ ఇంజనూ ఉన్నాయి. గోడకు ఆనించిన గడ్డి కోసే యంత్రాన్ని నేను వచ్చిన ప్రతిసారీ అక్కడే చూస్తున్నాను. ఇప్పుడు కారు.

నేను కుట్టేది లారీ సీట్లు, టార్పాలిన్లు. ఆడుకునే కార్లకు టోపీలు కుట్టలేదు ఎప్పుడూ. ఈ నెలలో పన్నెండు లారీ సీట్లు చేతిలో ఉన్నాయి. మీ బావకు నీ ఉత్తరం చదివి వినిపిస్తే, అయిదు గేర్లు దేనికి, మీ తమ్ముడికి ఎప్పుడూ రివర్సు ఒక్కటే కదా పనిచేసేది అన్నారు.

అయినా కుడతాను. నువ్వు ఫోను చేయకుండా ఉత్తరం రాశావు, అదొక్కటీ తెలివైన పని. నోటితో చెప్పిన కొలతకు నేను కత్తెర పెట్టనని నీకు తెలుసు. ఒక లారీ ఆయన ఆరడుగులని చెప్పి, కుట్టాక అయిదే అన్నానన్నాడు. ఆ రోజు నుంచీ కాగితం మీదున్న కొలతే కొలత. ఆ కాగితాన్ని గుడ్డకు గుండుసూదితో గుచ్చాకే కోత. నీ ఉత్తరంలో ఆ ముక్క కత్తిరించి గుచ్చాను.

సీట్లు ఇనప చట్రాలతో సహా విప్పి లారీ పార్సిల్లో పంపు. తొడుగు ఒక్కటే కుట్టి పంపితే నువ్వు సుత్తితో కొట్టి ఎక్కిస్తావు.

ఆ ప్రయాణం నాకు సరదాగా గడిచిందని అనుకుంటున్నట్టున్నావు. ఆ కారులో పట్టుకోవడానికి ఏమీ లేదు. డాక్టరుగారు మలుపు తిప్పిన ప్రతిసారీ తలుపు మీద పడ్డాను. కడుపునొప్పి కంటే మోచేతి నొప్పి ఎక్కువ రోజులుంది. కొండ దారి అంటున్నావు, ఆ దారిలో నేను ఇరవై ఏళ్ళుగా మా కొట్టు వ్యాను నడుపుతున్నాను. నన్నెవరూ తీసుకెళ్ళక్కర్లేదు.

అక్క


షెడ్డు
ఏప్రిల్ 2

అక్కకు,

సీట్లు అందాయని లారీ ఆఫీసువాళ్ళు చెప్పారు. ఎడమది పక్క సీటు, కుడిది నాది. నా సీటు వీపు దగ్గర స్పాంజి గట్టిది వెయ్యి.

పని నడుస్తోంది. కొత్త గేరుబాక్సు పాతదానికంటే నాలుగు వేళ్ళు పొడవు, కింద రేకు కోయాల్సి వచ్చింది. రేకు కోసినవాడు వంకరగా కోశాడు. ప్లేటు కూడా నేను చేయలేదు, వర్క్‌షాపులో ఇంకొకడి చేత చేయించారు, రెండుసార్లు చెడగొట్టాడు. ఫోర్‌మన్ నన్ను కొన్నాళ్ళు స్టోరులో కూర్చోమన్నాడు, అక్కడ మనిషి లేడట. బోల్టులు ఇచ్చి పుచ్చుకునే పని. తీరిక మాత్రం దొరుకుతోంది.

మీటర్ల ముఖాలు మార్చాను. పాత అంకెలు చీమల్లా ఉన్నాయి. బోర్డులు రాసే రంగులాయనను పిలిచి నల్లటి మీద తెల్లగా, బొటనవేలంత అంకెలు రాయించాను. ముందు లైట్లు రెండుంటే నాలుగు చేశాను. పక్క అద్దాలు లారీవి పెట్టాను. హారను కూడా.

నువ్వు వ్యాను నడపడం గురించి గొప్పలు చెప్పకు. నువ్వు ఒక్క మలుపు తిప్పితే వెనక గుడ్డ చుట్టలన్నీ ఒకే మూలకు చేరతాయి. ఈ కారు స్టీరింగు నీ చేతికి ఇచ్చేది లేదు.

టాపు ఎప్పుడు?

తమ్ముడు


కుట్టుకొట్టు
మే 11

తమ్ముడికి,

టాపు నిన్న పంపాను. నల్ల కాన్వాసు, రెండు వరసల నైలాను కుట్టు, వెనక కిటికీకి దళసరి ప్లాస్టిక్కు. నీ సీట్లు ఇంకా మొదలుపెట్టలేదు. స్పాంజి కింద స్ప్రింగులు నాలుగు విరిగి ఉన్నాయి, అవి చెప్పకుండా పంపావు.

నాలుగు లైట్లు, లారీ అద్దాలు, లారీ హారను. గోడ గడియారమంత అంకెలు. మరి లారీయే కొనుక్కోవచ్చు కదా, నాకు అలవాటైన సీట్లు. మీ బావ నీ కారును ఓడ అంటున్నారు.

నీ ఉత్తరాలు కూడా ఆ రంగులాయనే రాస్తున్నాడా? పేజీకి ఎనిమిది లైన్లు పడుతున్నాయి. ఒక్కో అక్షరం శనగగింజంత. కాగితం ఎక్కువైతే మాకు పంపు, మేం కొలతలు రాసుకుంటాం.

అక్క


షెడ్డు
మే 24

అక్కకు,

టాపు వచ్చింది. పొడవు సరిగ్గా ఉంది. వెనక కమానుకు సరిపోయింది, నడిమిదానికి సరిపోయింది. ముందుది అందటం లేదు. ఇద్దరం చెరోపక్క పట్టి లాగితే రెండంగుళాలు తక్కువ. బటన్లు పెట్టబోతే ఒకటి ఊడి నా నుదుటికి తగిలింది.

నువ్వు కుట్టుకు మార్జిన్ కలపలేదు. నేనిచ్చేది అసలు కొలత, కుట్టాక ఉండాల్సింది. కుట్టులో పోయేది నువ్వు కలుపుకోవాలి. లేతు దగ్గర మేం చెప్పేది ఎప్పుడూ తయారైన వస్తువు కొలతే. ముప్పై అయిదేళ్ళు కుట్టుపని చేసినదానివి, ఇది నేను చెప్పాలా?

పక్కింటివాళ్ళు చూసి నవ్వారు. పొట్టి టాపు కింద బోడిగా ఉన్న కమాను.

తమ్ముడు


కుట్టుకొట్టు
జూన్ 3

తమ్ముడికి,

మార్జిన్ కలపలేదా? మొదటి రోజు నుంచీ మార్జిన్ కలపకుండా నేను కత్తెర ఎత్తలేదు. నా చేతికి అది అలవాటు, అన్నంలో ఉప్పులాగా. నీ కాగితం ఇంకా నా దగ్గరుంది. ముందు కమాను 113 అని రాసి ఉంది. దానికి అటు రెండు, ఇటు రెండు కలిపి 117 కోశాను. కుట్టాక 113 వచ్చింది. నీ 113 నీకు ఇచ్చాను.

వెనక కమానుకూ నడిమిదానికీ సరిపోయి ముందుదానికి ఒక్కదానికే మార్జిన్ మరిచానా? నీ మిల్లీమీటరు బుర్రతో ఆలోచించు.

టాపు తిప్పి పంపు. మళ్ళీ కొలిచి, మళ్ళీ కాగితం మీద రాసి పంపు. అన్నీ కొలువు. ఒకటి మాత్రమే కొలిచి తతిమ్మావి పాతవే అని రాయకు. ఈసారి తప్పు జరిగితే ఎవరిదో కాగితమే చెబుతుంది.

అక్క


షెడ్డు
జూన్ 15

అక్కకు,

ముందు 118. నడిమిది 121. వెనక 126. పొడవు 148. మార్జిన్ నీ ఇష్టం.

ముందు కమాను వంగి ఉంది, నిటారు చేశాను. అందుకే తేడా.

డిస్కు బ్రేకులు పెట్టడం అయింది. కాలు ఆనిస్తే చాలు, నిలబడిపోతోంది. వారం రోజులు బ్రేకు నూనె కారి ప్రాణం తీసింది. ఒక గొట్టం మరలో సన్నటి చీలిక ఉంది, వేలితో తడిమితే దొరికింది. ఇద్దరు మెకానిక్కులు లైటు వేసి చూసి దొరకలేదన్నారు.

తమ్ముడు


కుట్టుకొట్టు
జూలై 20

తమ్ముడికి,

రెండోసారి పంపిన టాపు ఊయలలా వేలాడుతోందని నువ్వు ఫోనులో అరిచిన అరుపు కొట్టులో అందరికీ వినిపించింది. వాన నీళ్ళు బకెట్టెడు నిలిచాయన్నావు, పక్కింటి పిల్లి తాగిందన్నావు. తాగనీ.

నేను ఫోను పెట్టేసి నీ రెండు కాగితాలూ కోత బల్ల మీద పక్కపక్కన పెట్టాను. ముందు కమాను ఒకదాంట్లో 113, రెండోదాంట్లో 118. వంగినది నిటారు చేశానన్నావు. వంగిన కమానును నిటారు చేసేటప్పుడు సాగదీసి అయిదు సెంటీమీటర్లు పెంచావా? పోనీ అనుకుందాం. పొడవు మొదట 143, ఇప్పుడు 148. ఆ టాపు పొడవు సరిగ్గా ఉందని నువ్వే చెప్పావు. కారు కూడా పెరుగుతోందా?

రెండు తప్పులూ మూడుకూ ఎనిమిదికీ మధ్యే. నువ్వు చిన్నప్పుడు పుస్తకాల అట్టలకు కూడా స్కేలు పెట్టి కోసేవాడివి. నాన్న గడ్డం గీసుకునే అద్దం గోడకు వంకరగా ఉందని స్టూలెక్కి సరిచేసి తన్నులు తిన్నావు. నీ కొలత తప్పడం నేను ఈ అరవై ఒక్క ఏళ్ళలో చూడలేదు. ఏమిటిది? తాగుతున్నావా? మరదలితో గొడవలా? స్టోరులో కొన్నాళ్ళు అన్నావు, అవి ఇంకా అవలేదా?

ఇక నీ టేపు వద్దు, నీ అంకెలు వద్దు. ఒక పాత దుప్పటి తీసుకుని కమాన్ల మీద బిగువుగా పరువు. కమాను ఎక్కడుందో, అంచు ఎక్కడుందో సుద్దముక్కతో గీయి. ఆ దుప్పటి పంపు. దాన్నే మూసగా పెట్టుకుని కోస్తాను.

అక్క


షెడ్డు
ఆగస్టు 6

అక్కకు,

దుప్పటి పరిచి సుద్దముక్కతో గీయడం కొలత కాదు. అది పిల్లలాట. నలభై ఏళ్ళు పని చేసినవాడికి అది నామోషీ. అందుకని నీ మరదలికి అప్పగించాను. ఒక పూటంతా కారు చుట్టూ తిరిగి గీసింది. నేనే విప్పి, నేనే మడిచి, మూట కట్టి లారీ ఆఫీసులో ఇచ్చాను. బూడిద రంగు దుప్పటి, మా పెద్ద మంచానిది. ఆవిడకు తిరిగి కావాలట.

తాగడం లేదు. గొడవలూ లేవు.

సీట్లు, టాపు సెప్టెంబరు నెలాఖరుకు పంపు. అక్టోబరు ఏడు ఆదివారం. పొద్దున్నే బయలుదేరతాను, ఆ వేళకు రోడ్డు మీద ఎవరూ ఉండరు. రెండు వందల అరవై కిలోమీటర్లు, ఆ రోడ్డు నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు. బావను ఓడ చూడటానికి సిద్ధంగా ఉండమను.

తమ్ముడు


కుట్టుకొట్టు
సెప్టెంబరు 12

తమ్ముడికి,

టాపు, పక్క సీటు ఈ ఉత్తరంతో పాటే బయలుదేరాయి. టాపు ఈసారి సరిపోతుంది. మరదలి గీతలు నేను గీసినంత బాగున్నాయి.

డ్రైవరు సీటు నా దగ్గరే ఉంది. కుట్టడం అయిపోయింది, వీపు దగ్గర నువ్వడిగిన గట్టి స్పాంజే వేశాను, బాగా వచ్చింది. కానీ పంపను.

దుప్పటి కోత బల్ల మీద పరిచినప్పుడు మూల దగ్గర కారుకు సంబంధం లేని గీతలు కనపడ్డాయి. దగ్గరకు లాగి చూస్తే అక్షరాలు. బూడిద రంగు గుడ్డ మీద తెల్ల సుద్ద, ఒక్కోటి అరచేయంత. "ఆయనకు ఎదురుగా ఉన్నది కనపడటం లేదు వదినా. పక్కనున్నదే కనపడుతోంది. కారు ఆపండి." అంతే రాసి ఉంది.

మరదల్ని ఏమీ అనకు. ఆవిడ దాచి రాయలేదు. నువ్వు మడిచిన దుప్పటి మీద, నీ చేతుల కిందే రాసింది. నువ్వు చదివి తుడిచేసి ఉంటే ఆవిడదే పొరపాటని ఊరుకునేదట, నిన్న ఫోనులో చెప్పింది. నువ్వు ఆ అక్షరాలను మడత పెట్టి, తాడు కట్టి, స్వయంగా నా దగ్గరకు పంపావు.

ఎన్నాళ్ళ నుంచి? జనవరి నుంచేనా? లేతు దగ్గర నుంచి తీసేసి స్టోరులో కూర్చోబెట్టింది అందుకేనా? బొటనవేలంత అంకెలు, నాలుగు లైట్లు, శనగగింజంత అక్షరాలు, అన్నీ నా కళ్ళ ముందే ఉన్నాయి. నేను వాటి మీద జోకులు వేశాను. నా మీద నాకే చిరాకుగా ఉంది.

రోడ్డు మీద ఎవరూ ఉండరన్నావు. ఉంటారు. ఆ రోజు నువ్వు సైకిలు తొక్కినట్టే ఎవరో ఒకరు తొక్కుకుంటూ వస్తుంటారు. నీకు కనపడని ఆ మధ్యలోనే ఉంటారు వాళ్ళు.

సీటు ఇక్కడ బల్ల కింద ఉంది. మీ బావ దాని మీద కూర్చుని పేపరు చదువుతున్నారు.

అక్క


షెడ్డు
సెప్టెంబరు 19

అక్కకు,

టాపు డోలు మీద తోలులా కూర్చుంది. వంక పెట్టడానికి లేదు.

నా సీటు పంపు. అది నా కారు సీటు. నీకిచ్చింది కుట్టడానికి, దాచుకోవడానికి కాదు. కుట్టుకొట్లో ఇచ్చిన వస్తువు తిరిగి ఇవ్వకపోవడం ఏ ఊళ్ళోనూ లేదు.

నీకు తెలిసిపోయింది కాబట్టి చెబుతున్నాను. పోయిన సంవత్సరం చివర్లో మొదలైంది. దేన్ని చూసినా దాని మధ్యలో వేలిముద్ర అంటినట్టు ఉంటుంది. కళ్ళద్దం తుడిచినట్టు తుడుచుకుంటే పోదు. అంచులన్నీ బాగానే కనపడతాయి. కళ్ళ డాక్టరు దీనికి ఆపరేషను లేదన్నాడు, పూర్తిగా చీకటి మాత్రం కాదన్నాడు. ఫోర్‌మన్ మంచివాడు, ఎవరికీ చెప్పకుండా స్టోరులో వేశాడు. లేతు మీద ఒక బుష్షు, అంటే ఇరుసుకు వేసే ఇనప తొడుగు, అరమిల్లీమీటరు ఎక్కువ తిప్పాను. అది నా బల్ల మీదే పెట్టి వెళ్ళాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఈ కారును వేలితో తడిమి కట్టాను. ఒక్క బోల్టు కూడా కంటితో బిగించలేదు. ఒక్కసారి నడిపితే చాలు. తలను కొంచెం పక్కకు తిప్పి చూస్తే రోడ్డంతా కనపడుతుంది. ఒక్కసారి. ఆ తర్వాత డాక్టరమ్మకే తిరిగి ఇచ్చేస్తాను.

సీటు పంపకపోతే పెయింటు డబ్బా మీద కూర్చుని నడుపుతాను. నేను చేయగలనని నీకు తెలుసు.

తమ్ముడు


కుట్టుకొట్టు
సెప్టెంబరు 25

తమ్ముడికి,

పంపను.

పెయింటు డబ్బా మీద కూర్చుంటే మలుపులో దొర్లుతావు. కూర్చో. నీకు చెప్పి చెప్పి నా గొంతు అరిగింది. మరదలు కూడా అదే అంది.

కళ్ళ సంగతి ముందే చెప్పి ఉంటే మూడు టాపులు కుట్టే పని తప్పేది. ఒకటి చాలేది. రెండు టాపుల గుడ్డ వృథా, ఇప్పుడు దాంతో లారీ డ్రైవర్లకు సంచులు కుడుతున్నాను. నాకు చెప్పకపోవడానికి కారణం ఏమిటో నువ్వు రాయలేదు. నాకు తెలుసు కాబట్టి అడగడం లేదు.

ఏడో తారీఖున నేను ఇక్కడ కొట్టు తెరుచుకునే కూర్చుంటాను. రోడ్డు వైపు చూడను.

అక్క


షెడ్డు
అక్టోబరు 10

అక్కకు,

ఇది నీ మరదలు రాస్తోంది, చెప్పేది నేను. నా శనగగింజలు మీకు నచ్చలేదు కదా.

ఏడో తారీఖున పొద్దున్న కారు తీశాను. పెయింటు డబ్బా మీద గోనెపట్ట వేసుకుని కూర్చున్నాను. షెడ్డులోంచి గేటు దాకా ఎంత దూరమో నీకు తెలుసు, నలభై అడుగులు. టాపు మడిచాను. ఇంజను చక్కగా అందుకుంది. రెండో గేరు వేశాను. గేటు స్తంభాలు రెండూ నాకు స్పష్టంగా కనపడ్డాయి. ఎడమదాని మీద పెచ్చు ఊడింది కూడా కనపడింది.

మధ్యలో ఈవిడ నిలబడి ఉంది. చేతులు చాపి నిలబడిందట. నాకు కనపడలేదు. మాట్లాడకుండా నిలబడింది, అరిస్తే గొంతు విని ఆపేవాడిని కదా, అలా ఆపితే లాభం లేదనుకుందట. చివరికి కూడా నేను చూసి ఆపలేదు. గేటు గడి కిర్రుమంటే అలవాటుగా కాలు బ్రేకు మీదకు వెళ్ళింది. ఆగాక దిగి తడిమాను. బంపరుకూ ఈవిడ మోకాళ్ళకూ మధ్య జానెడు.

పాత డ్రమ్ము బ్రేకులే ఉంచి ఉంటే ఈ ఉత్తరం రాసేవాళ్ళు ఉండరు.

ఈ మాట రాయనని ఈవిడ కలం పెట్టేసింది. మళ్ళీ తీయించాను.

ఒక కొలత కావాలి. గోడకు ఆని నేల మీద కూర్చుని కాలు చాపు. నడుము వెనక నుంచి మడమ దాకా ఎంతో కొలిచి రాసి పంపు. తర్వాత కూర్చున్న చోటు నుంచి కళ్ళ దాకా ఎత్తు ఎంతో అది కూడా. ఎందుకని అడగకు. మార్జిన్ కలపకు.

తమ్ముడు


కుట్టుకొట్టు
అక్టోబరు 16

తమ్ముడికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివి లోపల పెట్టాను. మీ బావ ఏమైందని అడిగితే కొలతలడిగాడని చెప్పాను.

మరదలికి నేను రాయడానికేమీ లేదని చెప్పు. వచ్చినప్పుడు మాట్లాడతాను.

నడుము నుంచి మడమకు 92. కూర్చున్న చోటు నుంచి కళ్ళకు 70. నేను కొలిచాను, తర్వాత మీ బావ చేత కొలిపించాను, ఆయన 93 అన్నారు, మళ్ళీ నేను కొలిచాను. 92. మార్జిన్ లేదు. కాగితం గుండుసూదితో గుచ్చి పెట్టుకో.

అక్క


షెడ్డు
నవంబరు 4

అక్కకు,

ఇది నేనే రాస్తున్నాను. పేజీకి ఎనిమిది లైన్లే పడతాయి, ఓపిక పట్టు.

డ్రైవరు వైపు సీటు పట్టాలు కోసి, పదకొండు సెంటీమీటర్లు ముందుకు జరిపాను. కింద నాలుగు సెంటీమీటర్ల ఎత్తు దిమ్మెలు వేశాను. టేపు నీ మరదలు చదివింది, సెంటరు నేను వేలితో తడిమి గుర్తు పెట్టాను. పట్టాలు జరిగే రకం కాదు. బోల్టులు వేశాక వెల్డింగు కూడా పెట్టించాను, మళ్ళీ ఎవరికీ బుద్ధి మారకుండా. ఆ చోట పెయింటు డబ్బా పెట్టి కూర్చుని చూశాను. మోకాళ్ళు స్టీరింగుకు తగిలాయి. క్లచ్చు మీద కాలు ఎత్తడానికి చోటు లేదు. నా పొడవుకు ఇక ఆ కారు పనికిరాదు.

సీటు నువ్వే పట్టుకురా. బస్సు పైన వేయనివ్వకు, తొడుగు చినుగుతుంది. బోల్టులు నాలుగూ గ్రీజు రాసి సిద్ధంగా పెట్టాను. కొండ దారికి టాపు మడిచే వెళదాం, వాన పడినా మడిచే.

నీ డ్రైవింగు సంగతి నాకు తెలుసు. అందుకని పక్క సీటు ముందు, డాష్‌బోర్డు మీద ఒక పిడి బిగించాను. ఉక్కు కడ్డీ, లేతు మీద నేనే తిప్పాను, ఫోర్‌మన్ ఒక ఆదివారం తాళం ఇచ్చి బయటకు వెళ్ళాడు. చేతికి నున్నగా ఉంది. అరమిల్లీమీటరు ఎక్కువ ఉంటే ఉండొచ్చు. అది నా సీటు కాబట్టి ఫరవాలేదు.

ఆ రోజు నువ్వు కూర్చున్నది కూడా ఆ సీటే. అప్పుడు పట్టుకోవడానికి ఏమీ లేదన్నావు కదా.

తమ్ముడు